పన్నెండు కిటికీలు

"అదిగో, ఇంకో వ్యాను ఆగింది!" సత్యానందం పళ్లు నూరాడు.

షికాగోలోని ఆ వీధికి ఇటుపక్క ఆయన కొన్న ఫంక్షన్ హాలు. అటుపక్క రఘు టిఫిన్ హోటల్. ఆ హోటల్ గోడకి సిటీవాళ్లు వారం కిందట ఒక నోటీసు అంటించారు. టీవీ వచ్చిన కొత్తలో ఈ వీధిలో నడిచిన స్టూడియో ఈ భవనంలోనే ఉండేదని అనుకుంటున్నారట. దీన్ని చారిత్రక కట్టడంగా ప్రకటించాలా వద్దా అని గురువారం విచారణ. అప్పట్నుంచి ఒకటే జనం. గోడని ఫోటో తీసుకోవడం, పనిలో పనిగా రెండు దోసెలు లాగించి పోవడం.

"మనకెందుకండీ?" అంది భార్య లూసీ. "వచ్చే సోమవారం రీమోడల్‌కి కాంట్రాక్టర్ వస్తున్నాడు, ఆ సంగతి చూడండి. చూడ్డానికొచ్చిన ప్రతివాళ్లూ హాలు గోడౌన్‌లా ఉందని పోతున్నారు. ఒక్క పెళ్లీ బుక్ కాలేదు. ఇలాగే ఉంటే మూసుకోవడమే."

"నా తర్వాత ఆరేళ్లకి అమెరికా వచ్చాడు వాడు. చరిత్రలోకి మాత్రం నాకంటే ముందెక్కుతాడా?"

అవతలి పక్క నుంచి రఘు చెయ్యూపాడు. "సత్యం అన్నా! రాండి, చాయ్ తాగుదురు. మన హోటల్‌ని హిస్టారికల్ అంటున్నరే!"

'మన' అన్న ఆ ఒక్క మాట సత్యానందానికి వెక్కిరింతలా తగిలింది. చాయ్ తాగలేదు. తిన్నగా లైబ్రరీకి పోయాడు. కాంట్రాక్టర్ ఫోన్లు ఎత్తకుండా మూడ్రోజులు పాత పేపర్లు తిరగేశాడు. మూడో రోజు సాయంత్రం, కుర్చీలోంచి లేచి "స్తోత్రం!" అని అరిచి, లైబ్రేరియన్ చేత చీవాట్లు తిన్నాడు.

గురువారం విచారణకి లూసీని వెంటబెట్టుకుని అందరికంటే ముందొచ్చి మొదటి వరసలో కూర్చున్నాడు. కమిటీ తరఫున ఫైలు చూస్తున్నది స్మృతి అనే తెలుగమ్మాయి, షికాగో పక్కనే నేపర్‌విల్‌లో పుట్టి పెరిగిన పిల్ల.

సత్యానందం లేచి పేపరు కాపీ చేతికిచ్చాడు. "ఇది ఆనాటి పేపరమ్మా. స్టూడియో గురించి ఏం రాశారో చూడు. బయట హార్న్ కొట్టినా వినపడకుండా రెండడుగుల మందం గోడలు. ఎండ పొడ సోకకుండా, నాలుగు వైపులా ఒక్క కిటికీ లేదు. లైట్ల వేడికి నటులు ఉండుండి వీధిలోకి పరిగెత్తేవాళ్లట! మరి రఘు హోటల్‌కి ఈ వీధివైపే పన్నెండు కిటికీలు. అన్నీ కట్టినప్పటివేనని మీ నోటీసే చెబుతోంది. అది స్టూడియో ఎలా అవుతుంది?"

కమిటీ వాళ్లు మొహమొహాలు చూసుకున్నారు. రఘు తల వంచుకున్నాడు. ఆ వంచిన తల చూసి సత్యానందానికి మండుటెండలో చల్లటి మజ్జిగ తాగినట్టయింది.

నోటీసు రద్దయింది. గంట తర్వాత స్మృతి వరండాలోకి పరిగెత్తుకుంటూ వచ్చింది.

"అంకుల్, యూ ఆర్ గ్రేట్! మా టీమ్ మొత్తం మిస్ అయింది. మీ పేపర్ పెట్టుకుని రికార్డ్స్‌లో స్ట్రీట్ అంతా చెక్ చేశాం. విండోస్ లేని పాత బిల్డింగ్ ఒకటే ఉంది. మీ హాల్, అంకుల్! కంగ్రాట్స్! దానికే హిస్టారిక్ నోటీస్ ఇస్తున్నాం."

సత్యానందం ఛాతీ ఉబ్బింది. కళ్లు రఘు కోసం వెతికాయి. లూసీ మాత్రం బెంచీ మీద కూలబడింది.

"సోమవారం గోడలు కొట్టి కిటికీలు పెట్టిస్తున్నామమ్మా!"

"నో నో, ఆంటీ! అది క్యాన్సిల్ చేయండి. ఇంక ఆ వాల్స్‌కి మేకు కూడా కొట్టకూడదు."

ఈలోగా రఘు ఎదురొచ్చి సత్యానందం రెండు చేతులూ పట్టుకున్నాడు.

"మస్తు మేలు చేసిన్రన్నా! హిస్టారికల్ అయితే పైన ఇంకో ఫ్లోర్ కట్టనియ్యమన్నరు. వారం నుంచి నిద్ర లేదు. ఇగ పర్మిషన్ వస్తది. పైన మంచి ఫంక్షన్ హాల్ కడ్త, చుట్టూ కిటికీలే!"