రెండు. చదువు

కంప్యూటర్ పక్కన గోడకు ఒక పాడైన కాగితం అతికించి ఉంది. అందులో '2. చదువు' అన్న శీర్షిక, దాని కింద ఒక నల్ల చుక్క.

చుక్క పక్కన ఏమీ లేదు.

అది పోయిన నెల ఎల్లన్న సన్మాన పత్రానికి తీసిన మొదటి ప్రింటు. మళ్లీ అట్లా కావద్దని షాపు నడిపే రఘుపతి దాన్ని కళ్లెదుట పెట్టుకున్నాడు. జమున అతని దగ్గరే పని నేర్చుకుంటోంది.

గోదావరిఖనిలో ఆ డీటీపీ షాపుకు సన్మాన పత్రాలే పెద్ద గిరాకీ. గనిలో ఎవరు రిటైరైనా దండ, శాలువా, అద్దం కట్టించిన పత్రం ఉండాల్సిందే. రఘుపతి దానికో ప్రోగ్రాం రాశాడు. గడుల్లో వివరాలు కొడితే చాలు. అంకెలేసిన శీర్షికలు, చుక్కలు పెట్టిన వరుసలు వాటంతటవే వచ్చి కూర్చుంటాయి.

ఒకటి, పుట్టిన ఊరు. రెండు, చదువు. మూడు, ఉద్యోగం. నాలుగు, కుటుంబం.

ఎల్లన్న బడికి పోలేదు. ఉత్త చుక్క బాగుండదని జమున ఆ శీర్షికను తెర మీద తానే చెరిపేసి మళ్లీ ప్రింటు తీసింది. మిగతా అంకెలు మాత్రం ప్రోగ్రాం వేసినవి వేసినట్టే ఉండిపోయాయి.

సభలో పత్రం చదివేది రాజం. కాగితం మీద ఏదుంటే అది, కింద అచ్చేసిన షాపు ఫోన్ నంబరుతో సహా, ఎక్కడా ఆగకుండా చదివేస్తాడు. ఒకటి చదివాడు. వెంటనే "మూడు" అన్నాడు.

"రెండేడవాయెనే రాజన్నా, డ్యూటీకి నాగా పెట్టిందా?" వెనక నుంచి ఎవరో అరిచారు.

షామియానా అంతా నవ్వింది. దండలో మునిగిన ఎల్లన్న కూడా నవ్వాడు, తల వంచుకుని.

మర్నాటి నుంచి రఘుపతి ప్రోగ్రాం మీద కూర్చున్నాడు. ఎట్టకేలకు అది దారికొచ్చింది.

"ఇగ ఫికర్ లేదు. గడి ఖాళీగుంటె ఆ ముచ్చటే రాదు. మూడోది జరిగి రెండైతది," అని చెప్పి, పేపరు కొనడానికి బజారుకు వెళ్లాడు.

అతనటు వెళ్లగానే కొమురెల్లి వచ్చాడు, భార్య పోశవ్వతో. పొద్దుటి షిఫ్టు దిగి స్నానం చేసిన తల ఇంకా తడిగానే ఉంది. రేపు అతని ఆఖరి డ్యూటీ.

కొత్తవాళ్లతో మాట్లాడాలంటే జమునకు బెరుకు. కీబోర్డుకేసి చూస్తూనే ఒక్కొక్కటీ అడిగింది.

"చదువు, కాక?"

"రాయకు బిడ్డా. ఎల్లన్నకైనట్టు నాకు గావద్దు. నలుగుట్ల నన్ను నవ్వులపాలు జెయ్యకు."

"కాదు కాక. ఖాళీగ ఉంచితె ఇప్పుడు అసలే రాదు. సూడున్రి."

మీట నొక్కింది. ఒకటి, రెండు, మూడు. ఎక్కడా సందు లేదు.

"మంచిగున్నది," అన్నాడు కొమురెల్లి. అప్పటికిగాని కుర్చీలో వెనక్కి వాలలేదు.

రసీదు మీద సంతకం పెట్టమంది జమున. అతను ఊపిరి బిగబట్టి పేరంతా రాశాడు. ముగ్గు వేసినట్టున్నాయి అక్షరాలు.

"సక్కగ రాయి. గీత దాటుతున్నవ్," అంది పోశవ్వ, భుజం మీదుగా తొంగి చూస్తూ.

జమునకు నవ్వాగలేదు. "సంతకం ఎవరు నేర్పిన్రు కాక?"

వచ్చినవాళ్లను తనంతట తాను ఏదైనా అడగడం ఆమెకు అదే మొదలు.

"ఇగో, ఈ పంతులమ్మనే. జీతం నాడు ఏలిముద్రలోళ్ల లైను వేరేనాయె. ఆ లైన్ల నిలవడితె ఇంట్లకు రానియ్యనన్నది. క్వార్టర్ గచ్చు మీద బొగ్గుతోని రాయించింది. తప్పు వోతె బువ్వ వెట్టకపోయేది."

"అగ్గో, అబద్దాలు! బువ్వ వెట్టిన. కూరనే ఎయ్యలే."

వాళ్లు వెళ్లిపోయాక కూడా జమున ముఖంలో నవ్వు పోలేదు.

ఖాళీ గడిలో చిన్న గీత వెలిగి ఆరుతోంది. దాన్ని చూస్తూ చాలాసేపు కూర్చుంది. తరవాత ఒక్క వరుస కొట్టింది.

అంకెలు మళ్లీ జరిగి నాలుగయ్యాయి.

రఘుపతి వచ్చి తెర చూశాడు. "గదేందే? నేను ఖాళీ గడి కోసం గంత తిప్పలవడితి, నువ్వేమో నింపినవ్?"

"రాసేటందుకు ఉన్నదన్నా."

మర్నాడు డ్యూటీకి పోతూ కొమురెల్లి ఒక్కడే వచ్చాడు. పత్రానికి ఇంకా అద్దం బిగించలేదు. వేలితో వెతికి తన పేరు పట్టుకున్నాడు. ఆ ఒక్కటే అతను చదవగలడు. కానీ అంకెలు తెలుసు.

"నాలుగున్నయేంది బిడ్డా?" మొఖం చిన్నబోయింది.

జమున కాగితాన్ని తనవైపు తిప్పుకుంది. "రెండోది చదువుత, ఇనున్రి కాక. వద్దంటె తీసేస్త."

మెల్లగా చదివింది.

కొమురెల్లి భుజం మీది తువ్వాల తీసి, దులిపి, మళ్లీ వేసుకున్నాడు. గడప దాకా పోయి వెనక్కి తిరిగాడు.

"ఆమెకు జెప్పకు."

సాయంత్రం గని ఆఫీసు ముందు షామియానా నిండింది. జమున వెనక గుంజ పట్టుకుని నిలబడింది.

రాజం మైకు అందుకున్నాడు. ఒకటి అయింది.

"రెండు. చదువు."

వెనక వరుసలో ఎవరో అప్పుడే నోరు తెరిచారు.

"సంతకం. నేర్పిన గురువు, భార్య పోశవ్వ."

తెరిచిన నోరు అట్లాగే ఉండిపోయింది.

ఆడవాళ్ల మధ్య కూర్చున్న పోశవ్వ, బళ్లో పేరు పిలిస్తే లేచినట్టు లేచి నిలబడింది. పక్కామె కొంగు పట్టి లాగింది. ఆమెకు తెలియలేదు.

రాజం కాగితం మీద వేలు పెట్టుకుని ఆగాడు.

ఆమె కూర్చునేదాకా మూడు అనలేదు.