మట్టి దోమ

బొమ్మలాయన కొట్టంలోకి తొంగి చూసిన సోమమ్మ తలుపు దగ్గరే నిలబడిపోయింది.

బల్ల మీద జానెడు మంచం. మంచం మీద మట్టితో చేసిన పిల్ల. అదే చప్పిడి ముక్కు, అవే రెండు పిలకలు. అచ్చం తన బిడ్డ జానమ్మే!

ఆ పిల్ల గుండెల మీద ఒక భూతం కూర్చుని ఉంది. ఆరు కాళ్లు, రెండు రెక్కలు, పిల్లలో సగమంత ఒళ్లు, మూతికి పొడుగాటి సూది. ఆ సూది పిల్ల మెడలో దిగబడి ఉంది.

ఇంటి దగ్గర అసలు జానమ్మ మొన్నటి నుంచి చలితో గజగజ వణుకుతోంది, కాసేపటికే పెనంలా కాలిపోతోంది. ఆ పొద్దుటి నుంచి పలుకే లేదు. మంత్రాల కాటమయ్యను పిలవబోతూనే సోమమ్మ దారిలో ఇటు తొంగి చూసింది.

"ఓ కాటమన్నా! జల్ది ఉరికి రా!" అని కేక పెట్టింది సోమమ్మ.

కాటమయ్య వచ్చాడు. దయ్యమన్నా, దిష్టన్నా ఆ ఊళ్లో ఆయన్నే అడగాలి. బొమ్మను చేతిలోకి తీసుకుని విరిచాడు. తల నుంచి కాలిదాకా లోపల దాగిన ఇనుప తీగ బయటపడింది.

"సూసినవా సోమమ్మా! పొల్ల పానాన్ని నిలువునా గుచ్చిండు. గిది బాణామతి!"

ఇంకేముంది! ఊరంతా కొట్టం ముందు పోగైంది.

బొమ్మలాయన ఆ ఊరికి వచ్చి నెలే అయింది. సాగర్ కట్ట పని జోరుగా సాగుతున్న రోజులవి. కాలువ కోసం తవ్విన గుంటల నిండా నీళ్లు, ఊళ్ల నిండా కొత్త మొహాలు. నువ్వెవరని ఆయన్ని అడిగిన పాపాన పోలేదెవరూ. ఊరి చివర కొట్టం కిరాయికి తీసుకున్నాడు. పొద్దస్తమానం మట్టిబొమ్మలతోనే ఆయన కాలక్షేపం. ఊళ్లో పిల్లలంతా అక్కడే.

జానమ్మైతే ఇంటికొచ్చి ఒకటే వాగుడు.

"అమ్మా, గాయిన బొమ్మను గింతంత జరుపుతడు, డబ్బల టక్కుమనిపిస్తడు. మల్ల గింతంత జరుపుతడు, మల్ల టక్. గది సినిమా అయితదట! పిల్లలకు తెర మీద ఏసి సూపిస్తరట. నా బొమ్మ గూడ లేసి నడుస్తదట!"

"మట్టిబొమ్మ నడుసుడేందే, నీ మొకం!" అని నవ్వి ఊరుకుంది అప్పుడు సోమమ్మ.

ఇప్పుడు నెత్తి బాదుకుంది.

"నా బిడ్డ నడక గుంజి మట్టికి పోసిండు! నేనే తోలితిని, నా చేతులిరగ!"

బొమ్మల్ని నేలకేసి కొట్టారు. టక్కుమనే డబ్బాను బావిలో పారేశారు.

అంతలో బొమ్మలాయన నెత్తిన రేగడి మట్టి తట్టతో నడుచుకుంటూ వచ్చాడు.

"ఏమైందమ్మా?"

సోమమ్మ రాయి తీసి విసిరింది. నుదురు చిట్లింది. ఆ వెనక ఊరంతా రాళ్లందుకుంది. తట్ట వదిలేసి ఆయన రోడ్డు వైపు పరుగెత్తాడు. ఎందుకు కొడుతున్నారో ఆయనకు ఎవరూ చెప్పలేదు.

కాటమయ్య కోడిని కోశాడు, వేపమండలతో దిగదుడిచాడు.

"పీడ వోయింది. పొద్దుగూకెలోపు లేసి కూసుంటది."

జానమ్మ లేవలేదు. మధ్యాహ్నం దాటేసరికి కళ్లు తేలేసింది. పళ్లు గిట్టకరిచింది.

"ఏమైతాందన్నా? ఏమన్న జెయ్యన్నా!"

కాటమయ్య మెల్లగా లేచి నిలబడ్డాడు. "దవాఖానకు తీస్కపో" అన్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోమన్నాడు మహానుభావుడు!

మగడు మల్లప్ప గొర్రెల మందతో కృష్ణ ఒడ్డున ఏ మూలనున్నాడో! సోమమ్మ ఒక్కతే బిడ్డను భుజాన వేసుకుని ఉరికింది. పుట్టి బుద్ధెరిగి ఆమె దవాఖాన గడప తొక్కలేదు. రోడ్డు మీద సిమెంటు లారీకి అడ్డంగా నిలబడింది.

"నీ కాల్మొక్త అన్నా, హాలియా దవాఖాన కాడ దింపు!"

దారి పొడుగునా బీరప్ప దేవుణ్ణి మొక్కింది, తిట్టింది, మళ్లీ మొక్కింది. "మందంత నీకే ఇడుస్త సామీ, నా బిడ్డ నాకియ్యి!"

దవాఖానలో కంపౌండరు జానమ్మ రెప్ప ఎత్తి చూశాడు. మొహం మాడ్చుకున్నాడు.

"చలిజ్వరం తలకెక్కింది. ఇన్నొద్దులు ఏం జేసినవ్?"

"బాణామతి జేసిండ్రు సారూ..."

"బాణామతి కాదు, నీ తలకాయ! గుంటల నీళ్ల దోమ కుట్టింది."

"సూదియ్యి సారూ! దండం పెడుత, సూదియ్యి!"

"గీ సూది నేనియ్యరాదు, డాక్టర్ సాబే ఇయ్యాలె. నీ నసీబ్ మంచిగున్నది. నెల సెలవు మీద వోయినాయన ఇయ్యాల్నే తిరిగొచ్చిండు. ఉండు, పిలుస్త!"

సోమమ్మకు పోయిన ప్రాణం లేచొచ్చింది.

"డాక్టరొస్తాండు బిడ్డా, జర ఓర్సుకో" అని జానమ్మ చెవిలో చెప్పింది. బిడ్డ మొహం మీది నుంచి చూపు తిప్పలేదు.

ఎవరో పరుగున వచ్చి పక్కన కూలబడ్డారు. జానమ్మ చెయ్యి పట్టుకున్నారు. సూది వేశారు. గుండెను అదిమారు, మళ్లీ అదిమారు, చెవి ఆనించి విన్నారు. చాలాసేపటికి ఆ చిన్న చేతిని తీసి మెల్లగా మంచం మీద పెట్టేశారు.

"సారూ?" అని తలెత్తింది సోమమ్మ.

"నెల దినాలు మీ ఊళ్లనే ఉంటిని గదమ్మా," అన్నాడు బొమ్మలాయన, నుదుటి కట్టు కింద కళ్లు తుడుచుకుంటూ, "పాపకు జ్వరమని నాతోని ఒక్క మాటన్న చెప్పకపోతివి."