తుమ్ము రాని గిడ్డంగి

"గదులన్నీ నిండిపోయాయండీ రాఘవమ్మగారూ. మీ అదృష్టం కొద్దీ ఈ చివరిదొక్కటే మిగిలింది," అన్నాడు చెంచయ్య.

రెండెకరాల పత్తిచేను అమ్మి చెంచయ్య గుంటూరులో కట్టించిన గిడ్డంగి అది. అద్దెకు తీసుకుంటే ఎవరి గది వాళ్ళది, ఎవరి తాళంచెవి వాళ్ళ దగ్గరే. మిరపకాయల సీజను మొదలైనా ఒక్క రైతూ అద్దెకు రాలేదు. ఖాళీ గిడ్డంగిని ఎవరు నమ్ముతారని, చెంచయ్యే తాళాలు కొని చివరిది తప్ప తలుపులన్నిటికీ వేశాడు.

దర్శి నుంచి బస్తాల బండితో వచ్చిన రాఘవమ్మ ఒక్కో తలుపు దగ్గరా ఆగి, సందులో ముక్కు పెట్టి చూసింది.

"వీటిల్లో ఏముందయ్యా?"

"మిరపకాయలేనండీ. నిండా!"

"మిరపకాయలున్న గది ముందు తుమ్మకుండా నిలబడ్డ మొనగాణ్ణి నేను చూళ్ళేదు. ఇన్ని తలుపులు దాటొచ్చినా నాకొక్క తుమ్ము రాలేదే!"

బండి ఇక వెనక్కి తిరిగినట్టే అనుకున్నాడు చెంచయ్య.

రాఘవమ్మ బండి దగ్గరకెళ్ళి బస్తా మూతి విప్పింది. గుప్పెడు కాయలు తీసి అరచేతుల్లో నలిపి, మొదటి తలుపు కిందనుంచి లోపలికి తోసింది. తర్వాత రెండో తలుపు.

"ఇదేంటండీ?"

"ఇంత గిడ్డంగిలో నా బస్తాలే ఉంటే దొంగల కళ్ళన్నీ వాటిమీదే. నాకు పక్కన తోడు కావాలి. రేపు మా ఊరోళ్ళని పంపిస్తా. వాళ్ళకీ ముక్కులుంటాయిగా!"

చెంచయ్య ఏదో అనబోయి, గిడ్డంగి దద్దరిల్లేలా తుమ్మాడు.

"చిరంజీవ!" అంది రాఘవమ్మ. "ఆఁ, ఇప్పుడు చెప్పవయ్యా, గదులన్నీ నిండిపోయాయని!"