గున్నమ్మ తప్పు జవాబు

సోషియాలజీ, అంతర్జాతీయ సంబంధాలు కలిపి చెప్పే ఆ శాఖలో, ఊళ్లకు వెళ్లి మనుషులను అడగడం మానేసి పన్నెండేళ్లయింది. ఇప్పుడు ప్రతి ఊరివాళ్లకూ బదులుగా కంప్యూటర్ తయారుచేసిన తెర మనుషులున్నారు. వాళ్లకు చెమట పట్టదు, కోపం రాదు, అడిగినదానికి చక్కటి వాక్యాల్లో జవాబు చెబుతారు. ఆచార్య శేషావతారంగారు మత్స్యకారుల మీద మూడు పుస్తకాలు వాళ్లను అడిగే రాశారు. ఆ మహానుభావుడు సముద్రాన్ని చూసింది ఆఫీసు కిటికీలోంచేనని ఆయన విద్యార్థిని పోలేశ్వరికి రోత.

అందుకే ఆమె బస్సెక్కి సముద్రపొడ్డునున్న సొంత ఊరు వెళ్లింది. వేటకెళ్లి పొరుగుదేశం జైల్లో చిక్కుకున్నవాళ్ల భార్యలను, నలభై మందిని, మీకేం కావాలని అడిగి రాసుకొచ్చింది.

ఆచార్యులవారు కాగితాలు తిరగేసి జాలిగా నవ్వారు.

"నలభై మందీ తప్పే చెప్పారమ్మా. 'దౌత్యం తన పని చేస్తోంది, ఓపిక పడతాం' అంటోంది మన తెర మీది మనిషి. ఢిల్లీకి అదే పంపాను. నువ్వెళ్లి వాళ్ల జవాబులు దిద్దించుకురా."

పోలేశ్వరి మళ్లీ ఊరి బస్సెక్కింది. మర్నాడు తల్లి గున్నమ్మను వెంటబెట్టుకొచ్చి ఆయన ముందు నిలబెట్టింది. నలభై పేర్లలో మొదటి పేరు ఆమెదే.

గున్నమ్మ తెర మీద నవ్వుతున్న బొమ్మను ఎగాదిగా చూసింది.

"దీనికి మొగుడు రాకపోయినా పర్లేదంతన్నాది గదా బాబూ? దాని ఇష్టం. నాకు మాత్రం మా ఆయన గావాల. ఆ ముక్క రాసుకో."

శేషావతారంగారు కలం తీశారు. ఆ ముక్క రాయాలా వద్దా అని తెర వైపు తిరిగి అడిగారు.