చెప్పులు విడిచి రండి

ఎగిరే కవచాలు కనిపెట్టిన మా వకుళత్త పారిపోయి వచ్చి మా వంటింట్లో దాక్కుంది. ఎవరికి చిక్కినా బతుకంతా ఆయుధాలు చేసిపెట్టాలట.

పొద్దున్నే ముగ్గురు కవచవీరులు వాకిట్లో దిగారు. వెనకే వాళ్ల ప్రత్యర్థులు ముగ్గురు. ఈ రోజుల్లో పాలవాడూ కవచంలోనే ఎగిరొస్తాడు గనక మా కుక్క మొరగలేదు.

"చెప్పులు విడిచి రండి నాయనా, ఇప్పుడే తడిగుడ్డ పెట్టాను," అంది నానమ్మ.

"చెప్పులు కవచానికే అతికి ఉంటాయి మామ్మగారూ!"

"అయితే మొత్తం విప్పండి."

లోకరక్షకులు ఆరుగురూ చిరుగుల బనియన్లతో లోపలికెళ్లి మజ్జిగ తాగుతున్నారు.

కొత్తవాళ్లంటే బెరుకుపడే నేను బయటికొచ్చి తలుపుకి గడియ పెట్టాను. పెరటి తలుపుకీ గడియ పెట్టి వచ్చిన అత్త ఒక కవచం తొడుక్కుని, ఇంకోటి నాకిచ్చింది.

సరిపోయింది. చెప్పులే కాస్త వదులు.