నురగ మామ్మ

బ్రష్షు నోట్లో పెట్టబోతే పాప ఆమె వేలు కొరికేసింది.

కొరికి, మూతి బిగించుకుని, వాష్‌బేసిన్ కిందికి దూరి కూర్చుంది.

"బయటికి రా బంగారం. టీచర్ ఏమందో గుర్తుందా? నోరు వాసనొస్తోందని నీ పక్కన ఎవరూ కూర్చోవట్లేదట."

"మీరు తోమొద్దు."

ఆ 'మీరు' అన్న మాట కొరికిన వేలికన్నా ఎక్కువ నొప్పెట్టింది.

ఆమె ఆ ఇంటికి రెండో భార్యగా వచ్చి ఏడాది కావస్తోంది. తల్లిని పోగొట్టుకున్న ఆ ఆరేళ్ళ పిల్ల ఆమెను అమ్మా అనలేదు, పిన్నీ అని కూడా అనలేదు. మంచినీళ్ళు కావాలన్నా గోడకు చెప్పినట్టు చెప్పేది. భర్త బస్సు డ్రైవరు. తెల్లారకముందే డిపోకి వెళ్ళిపోతాడు. పొద్దుటి యుద్ధమంతా ఆమెదే.

ఆ నెలలోనే పైవాటాలోకి ఒక పెద్దావిడ అద్దెకు దిగింది. ఒంటరి మనిషి.

వారం తిరిగేసరికి పాప లేస్తూనే బ్రష్షు పట్టుకుని మెట్లెక్కడం మొదలుపెట్టింది.

"ఎక్కడికి?"

"నురగ మామ్మ దగ్గరికి."

ఆమె కుట్టుమిషను ముందు కూర్చుని వింటూ ఉండేది. పై వరండాలోని మాటలన్నీ కిందికి దిగేవి.

"అంత గట్టిగా రుద్దకే తల్లీ, అది మాడిన గిన్నె కాదు. మెల్లగా, గుండ్రంగా తిప్పు. చిగుళ్ళ దగ్గర్నుంచి రావాలి. అదిగో, వెనక దవడపళ్ళు అలిగి కూర్చున్నాయి, వాటినీ పలకరించు. ఏదీ, నాలుక?"

తర్వాత పుక్కిలించిన చప్పుడు. ఆ వెంటనే నవ్వులు.

తన దగ్గర మూతి ముడుచుకునే పిల్ల అక్కడ పగలబడి నవ్వుతోంది. ఆమె మిషను ఇంకా జోరుగా తొక్కేది.

చూస్తూండగానే పాప పళ్ళు తెల్లబడ్డాయి. వాసన పోయింది. బడిలో పక్కన కూర్చునే స్నేహితురాలు కూడా దొరికింది. భర్త మురిసిపోయాడు.

"పైవాటావిడ ఏం మంత్రం వేసిందో గానీ, ముత్యాల్లా ఉన్నాయే!"

"నేను తోమిస్తానంటే మీ కూతురు నోరు తెరిస్తేగా?"

"పోనీలే. ఎవరు తోమిస్తే ఏం?"

ఆమె చేతిలో గరిటె గిన్నెలో ఠంగుమంది.

ఒక సెలవు రోజు చొక్కా కాలరు కుడుతుంటే పైనుంచి పాప గొంతు వినిపించింది.

"అమ్మా!"

ఆ వెంటే నవ్వులు. మళ్ళీ, "అమ్మా!"

మిషను ఆగిపోయింది.

మెట్లు ఎలా ఎక్కిందో ఆమెకే తెలియదు. నోటినిండా నురగతో పాప, ఎదురుగా మొహమంతా నురగ తుంపర్లతో పెద్దావిడ. ఆమెను చూడగానే ఇద్దరి నవ్వూ ఆగిపోయింది.

"మా పిల్లకి పళ్ళు తోమించడం మాకు చేతకాదనుకున్నారా?"

"అయ్యో, అది కాదమ్మా..."

"పొద్దుపోకపోతే ఇంకేదైనా వ్యాపకం చూసుకోండి. ఒకళ్ళ బిడ్డని మచ్చిక చేసుకుని లాక్కోవడమేంటి?"

పెద్దావిడ మొహం పాలిపోయింది. ఏదో చెప్పబోయి, పాప వంక చూసి ఊరుకుంది. తువ్వాలుతో పాప మూతి తుడిచి, బ్రష్షు కడిగి ఆమె చేతికిచ్చింది.

"రాత్రి పడుకునే ముందు కూడా తోమించమ్మా. మరిచిపోతూ ఉంటుంది."

ఆ మాట కూడా ఆమెకు పొడిచినట్టే అనిపించింది.

పాప ఇక పైకి వెళ్ళలేదు. రాత్రిపూట బ్రష్షు అందిస్తే మాట్లాడకుండా తీసుకునేది. తోముకుని, కడుక్కుని, పడుకునేది. పెద్దావిడ మెట్ల మీద ఎదురుపడితే ఆమె మొహం తిప్పుకునేది.

కొన్నాళ్ళకు పెద్దావిడను ఆస్పత్రిలో చేర్చారని ఇరుగుపొరుగు చెప్పుకున్నారు. వెళ్ళి చూసొద్దామని ఆమెకు ఒక్క క్షణం అనిపించింది. ఆ 'అమ్మా' అన్న పిలుపు చెవిలో గింగురుమంది. వెళ్ళలేదు.

ఒక పొద్దున ఆమె లేచేసరికి పాప బేసిన్ ముందు స్టూలు వేసుకుని, తనంతట తనే తోముకుంటోంది. ఆమెను చూసి కాసేపు తటపటాయించింది. తర్వాత నోరు బార్లా తెరిచింది.

"అమ్మా, లోపలి పళ్ళు సరిగ్గా తోమానా? చూడు."

ఆమె తలుపు పట్టుకుంది.

"ఏమన్నావు?"

పాప బిక్కమొహం వేసింది.

"తప్పా? మామ్మే నేర్పింది. 'నీ పళ్ళు చూసి మెచ్చుకోవాల్సింది నేను కాదే, మీ అమ్మ. వెళ్ళి, అమ్మా చూడు అను' అనేది. నాకేమో సిగ్గు. అందుకని రోజూ పైనే అలవాటు చేయించేది. నురగతో అమ్మా అంటే మామ్మ మొహమంతా పడేది. భలే నవ్వొచ్చేది!"

ఆమె పాపను అమాంతం ఎత్తుకుంది. ఆ నురగ మూతినే ముద్దు పెట్టుకుంది. అలాగే చంకనేసుకుని మెట్లెక్కింది.

పైవాటా తలుపు తీసే ఉంది. లోపల నడివయసు స్త్రీ ఒకరు బట్టలు మడిచి పెట్టెలో సర్దుతున్నారు.

"మామ్మగారు వచ్చేశారా? ఆవిడతో ఒక్క మాట చెప్పుకోవాలి."

"నిన్న సాయంత్రం ఆస్పత్రిలోనే పోయారండి."

ఆమె పాపను మెల్లగా కిందికి దించింది.

"మీరు... ఆవిడ కూతురా?"

ఆ స్త్రీ మడుస్తున్న దుప్పటి చేతుల్లోనే ఉండిపోయింది.

"మా నాన్న రెండో భార్యండి ఆవిడ, చిన్నప్పట్నుంచీ నన్ను పెంచింది, నేనే... ఒక్కసారి కూడా అమ్మా అని పిలవలేదు."