శనివారం కోపం

"రెండు వారాలు," అన్నాడు ముసలాయన, చెప్పుల స్టాండు దగ్గర వంగి.

ఒకబయాషి తన బూట్లు వెతుక్కుంటున్నాడు. "నాతోనేనా?"

"ఇంకెవరున్నారిక్కడ? రెండు వారాల్లో తాగేస్తావు. మొహం చూస్తే తెలుస్తోంది."

తాగుడు మానాలనుకునేవాళ్ల సంఘానికి ఒకబయాషి రావడం ఆ రోజే మొదలు. రేవు పక్క సమావేశ మందిరంలో, శనివారం మధ్యాహ్నం. లోపల అందరి ముందూ నిలబడి ఉన్నదంతా చెప్పాడు. ఐసు ఫ్యాక్టరీలో పట్టపగలు తాగి పడిపోయాడు. భార్య నవొ పుట్టింటికి వెళ్లిపోయింది. "ఏడాది మానినట్టు సంఘం కాగితం తే, అప్పుడొస్తా" అంది.

ఎవరూ ఏమీ అనలేదు. ఒకరు చెప్పినదాని మీద ఇంకొకరు వ్యాఖ్యానించకూడదని అక్కడి నియమం.

ఆ నియమం గుమ్మం లోపలి వరకే.

ముసలాయన పేరు కుసునొసె. ఒకబయాషి ఆలస్యంగా వచ్చేసరికే ఆయన తలుపు పక్క కుర్చీలో, అది తాతల నాటి ఆస్తి అయినట్టు కూర్చుని ఉన్నాడు. తన వంతు వచ్చినప్పుడు "కుసునొసె. ఇవాళ వింటాను" అని ఊరుకున్నాడు. చెప్పుకోవలసింది ఎప్పుడో చెప్పేసుకున్న పాతకాపు అనుకున్నాడు ఒకబయాషి.

బూటు ఎక్కించుకుంటుంటే ఆయన చెయ్యి వణికింది. వయసు.

"మన తోసా సీమ సారా గిన్నెలు చూశావుగా," అన్నాడు కుసునొసె. "అడుగు మొనతేలి ఉంటుంది. సాకె తాగి ఖాళీ చేసేదాకా కింద పెట్టనివ్వవు. గిన్నెలే నిలబడని ఊళ్లో నువ్వు నిలబడతావా, ఐసూ?"

మూడో శనివారం ఒకబయాషి కావాలనే ఆయన కోసం కాచుకుని ఉన్నాడు.

"తాగలేదు."

"ఛ," అన్నాడు ముసలాయన. నిజంగానే నిరాశపడ్డాడు. "సరే, నెల."

నెల గడిచాక, "మూడు నెలలు."

"మీ జోస్యాలు మీ ఇంట్లోవాళ్లయినా నమ్ముతారా, పెద్దాయనా?"

"మా ఆవిడ నన్నే నమ్మదు. నీ సంగతి చూసుకో."

తాగుడు మాన్పించే ఆసుపత్రిలో చెప్పింది వేరు. కోపం, పగ, ఉక్రోషం మనసులోకి రానివ్వకూడదనీ, వాటి వెనకే సీసా వస్తుందనీ వాళ్లిచ్చిన కరపత్రంలో ఉంది. అందుకని ఒకబయాషి ఒకప్పుడు సీసాను దాచినట్టే ఇప్పుడు కోపాన్ని దాచాడు. చివరికి అక్కడి డాక్టర్ హమగుచి ముందు ఒప్పుకున్నాడు.

"నాలో కోపముంది డాక్టరమ్మా."

"ఎవరి మీద?"

"సంఘంలో ఒక ముసలాయన మీద."

"ఎప్పుడొస్తుంది?"

"శనివారం వస్తుంది. మళ్లీ శనివారం దాకా ఉంటుంది."

"ఆ కోపంలో తాగారా?"

"ఎలా తాగుతానండీ? ఆయన గెలుస్తాడు కదా."

ఆమె కలం కింద పెట్టింది. "అయితే దానికి మందివ్వను. అరిగిపోకుండా చూసుకోండి."

అప్పటి నుంచి అతను దాన్ని దాచలేదు. ఐసు దిమ్మలు తోస్తూ, చేతులు మొద్దుబారుతుంటే, ఆ ముసలి మొహాన్ని తలుచుకునేవాడు. ఒంట్లోకి వెచ్చదనం వచ్చేది. మంచితనం అతన్ని ఎప్పుడూ నిలబెట్టలేదు. నవొ ఏడ్చినప్పుడల్లా ఒట్టు పెట్టాడు. ఆ ఒట్టు బరువు మోయలేకే మళ్లీ తాగాడు. ఈ కోపానికి బరువు లేదు. జేబులో వేసుకుని తిరగవచ్చు.

ఆగస్టులో బోన్ పండగ పూట, చనిపోయిన పెద్దలకు మొక్కుకున్నాక, మేనమామ అతని చేతిలో గిన్నె పెట్టి నింపాడు. "పండగరా. ఒక్కటే."

గిన్నె పెదవి దాకా వచ్చింది. "మొహం చూస్తే తెలుస్తోంది" అంది లోపల ముసలాయన గొంతు. ఒకబయాషి గిన్నెను తిరిగి మామ చేతిలోనే పెట్టి, కాల్చిన చేపముక్కలు రెండు నోట్లో వేసుకుని లేచి వచ్చేశాడు.

ఆ శనివారం గుమ్మం దగ్గర చెప్పాడు. "పెదవి దాకా వచ్చింది. అయినా తాగలేదు."

కుసునొసె బూటు తొడగడం ఆపాడు.

"వాసన ఎలా ఉంది?" అని అడిగాడు మెల్లగా.

అదీ వెటకారమే అనుకున్నాడు ఒకబయాషి.

"ఏడాది," అన్నాడు ముసలాయన వెళ్తూ వెళ్తూ. "అంతకు మించి నీ వల్ల కాదు."

ఏడాది దగ్గర పడుతుండగా మూడు శనివారాలు వరసగా ఆ కుర్చీ ఖాళీగా ఉంది. ఓడిపోతానని మొహం చాటేశాడనుకున్నాడు ఒకబయాషి. ఎందుకో ఆ వారాలు పొడుగ్గా సాగాయి.

ఏడాది నిండిన శనివారం నవొ వచ్చింది. కాగితం చేతికి రాకముందే బట్టల పెట్టెతో సహా వచ్చింది. సంఘం పెద్ద ఆ కాగితం చదివి ఒకబయాషికి అందించాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

"కుసునొసె గారిది కూడా ఒకటుంది," అన్నాడు సంఘం పెద్ద. "ఆయన మొన్న మంగళవారం ఆసుపత్రిలో పోయారు."

ఒక పొట్టి ముసలామె లేచి, రెండు చేతులా ఆ కాగితం అందుకుంది.

ఒకబయాషి గెలిచాడు. ఆ మాట చెప్పడానికి ఎదురుగా మనిషి లేడు.

టీ పోస్తున్నప్పుడు ఆమె అతని దగ్గరికి వచ్చింది. "ఐసు ఫ్యాక్టరీ ఆయన మీరేనా?"

"అవునండీ."

"శనివారం ఇంటికొస్తే మీ మీద ఒకటే సణుగుడు. 'ఆ ఐసుగాడు ఇవాళ కూడా తాగలేదే' అని. ఆ ఉక్రోషంతో రెండు గిన్నెల అన్నం ఎక్కువ తినేవారు."

నవొ నవ్వింది. ఒకబయాషికి కూడా నవ్వొచ్చింది. అడిగాడు. "ఆయనది ఎన్నేళ్ల కాగితమండీ? ఇరవయ్యా?"

ఆమె వింతగా చూసింది.

"చేరేనాటికి ఇరవై రోజులు మానిన మనిషి కూడా కాదండీ," అంటూ కాగితం విప్పింది, "మీరు చేరిన శనివారమే ఆయనా చేరారు, ఇది మొదటి ఏడాదిదే, నాలుగు రోజులు తక్కువైనా ఇచ్చారు."